పగడానికి ఎంత వెలుతురు కావాలి?

ఒక శనివారం పొద్దున్న మా అమ్మాయి చేపల తొట్టి ముందు నిలబడి, "నాన్నా, హామర్‌కి చలేస్తోందా? ముడుచుకుపోయింది" అంది.

హామర్ అంటే హామర్ కోరల్. కొసలు చిన్న చిన్న సుత్తుల్లా ఉంటాయని ఆ పేరు. మా ఇరవై గాలన్ల ఉప్పునీటి తొట్టిలో అన్నిటికన్నా ఖరీదైన ప్రాణి అదే. మూడు తలలున్నది కొన్నాను. ఆ రోజు చూసేసరికి రెండు తలలు వెలిసిపోయాయి, కింద తెల్లటి అస్థిపంజరం బయటపడుతోంది.

వెంటనే నీళ్ళు పరీక్షించాను. ఉప్పు, ఆల్కలినిటీ, నైట్రేట్ అన్నీ సరిగానే ఉన్నాయి. మారింది ఒక్కటే. అంతకు రెండు వారాల ముందు లైటు పెంచాను. ఊరికే కాదు, కొలిచి మరీ పెంచాను! తప్పంతా ఆ కొలతలోనే ఉంది. కొత్తగా రీఫ్ తొట్టి పెట్టుకునేవాళ్ళు మీలో ఉంటే నాలా చెయ్యకూడదని ఈ సంగతి రాస్తున్నాను.

పగడం మొక్క కాదు, జంతువు. కానీ దాని కండలో జూగ్జాంథెల్లే అనే నాచు కణాలు కాపురం ఉంటాయి. అవి వెలుతురుతో ఆహారం తయారుచేసి అందులో చాలా భాగం ఇంటి యజమానికి అద్దెగా ఇస్తాయి. వెలుతురు చాలకపోతే పగడం గోధుమరంగుకి తిరిగి నెమ్మదిగా చిక్కిపోతుంది. మరీ ఎక్కువైతే ఆ నాచులో హానికరమైన ఆక్సిజన్ పదార్థాలు పుడతాయి. అప్పుడు పగడం అద్దెకున్నవాళ్ళని బయటికి గెంటేసి తెల్లబడుతుంది. బ్లీచింగ్ అంటే అదే. తక్కువైతే దిద్దుకోవడానికి నెలల సమయం ఉంటుంది. ఎక్కువైతే రోజులే.

నా ఎల్.ఇ.డి. లైటు మొదట 40 శాతం మీద నడిచేది. ఫోన్లో లక్స్ కొలిచే యాప్ ఒకటి దింపుకుని, ఫోన్ని జిప్‌లాక్ సంచిలో పెట్టి, హామర్ ఉన్న చోటికి నీళ్ళలో దించాను. (మా ఆవిడ చూసిన చూపు ఇక్కడ రాయలేను.) 3000 లక్స్ చూపించింది. ఎండలో అయితే సుమారు 54 లక్స్‌కి ఒక పార్ లెక్క. అంటే 55. హామర్‌కి 75 నుంచి 150 దాకా ఉండాలని అభిరుచి ఉన్నవాళ్ళు చెప్పే మాట. పాపం చీకట్లో మగ్గిపోతోందనుకుని లైటుని 70 శాతానికి పెంచాను. యాప్‌లో 5200 వచ్చింది. 54తో భాగిస్తే 96. భేష్ అనుకున్నాను.

ఇందులో పొరపాటు ఏమిటంటే, లక్స్ మనిషి కంటి కోసం పుట్టిన కొలత. మన కన్ను 555 నానోమీటర్ల దగ్గర, అంటే ఆకుపచ్చ దగ్గర, బాగా చూస్తుంది. అక్కడ కంటి సున్నితత్వం 1 అనుకుంటే, 450 నానోమీటర్ల నీలం దగ్గర 0.038 మాత్రమే. పగడంలోని నాచు మాత్రం ఆ నీలాన్నే ఇష్టంగా తింటుంది. సముద్రంలో లోతుకి చేరేది ఎక్కువగా నీలమే మరి. పార్ అనేది 400 నుంచి 700 నానోమీటర్ల మధ్య ఒక చదరపు మీటరు మీద సెకనుకి ఎన్ని ఫోటాన్లు పడుతున్నాయో లెక్కపెడుతుంది. కొలమానం మైక్రోమోల్. ఫోటాన్ నీలమా ఎరుపా అని అది అడగదు.

కాగితం మీద లెక్క వేసి చూశాను. 450 నానోమీటర్ల స్వచ్ఛమైన నీలం కింద ఒక మైక్రోమోల్‌కి 7 లక్స్ కూడా రావు. ఎండలో 54. అంటే ఒకే లక్స్ అంకెకి దాదాపు ఎనిమిది రెట్ల తేడా! రీఫ్ లైట్లు నీలం, తెలుపు కలిపి ఉంటాయి కాబట్టి నిజం ఈ రెండిటి మధ్యలో ఎక్కడో ఉంటుంది. ఎక్కడన్నది లక్స్ మీటరు చెప్పలేదు. 1999లో మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ పోయింది ఒక సాఫ్ట్‌వేర్ పౌండ్లలో ఇచ్చిన అంకెని ఇంకోటి న్యూటన్లనుకున్నందుకే. ఆ కథ ఆఫీసులో జూనియర్లకి ఎన్నిసార్లు చెప్పానో! ఇంటికొచ్చి నేను చేసిందీ అదే.

అసలు పార్ మీటరు కొన్ని వందల డాలర్లు. ఏడాదికి రెండుసార్లు వాడేదానికి అంత పెట్టక్కర్లేదు. చాలా ఊళ్ళలో అక్వేరియం క్లబ్బులు సభ్యులకి ఎరువిస్తాయి, కొన్ని దుకాణాలు అద్దెకిస్తాయి. నాకు క్లబ్బులో అపోజీ వాళ్ళ ఎం.క్యూ-510 దొరికింది. గాలిలో కాలిబ్రేట్ చేసిన సెన్సర్ నీళ్ళలో తక్కువ చూపిస్తుంది. ఈ మోడల్ ఆ సవరణ తనే చేసుకుంటుంది. పాత తరం మీటరు దొరికితే మాత్రం సవరణ మీరే చెయ్యాలి. పైగా అది నీలాన్ని కొంత తక్కువగా చూపిస్తుందనీ గుర్తుంచుకోవాలి.

హామర్ దగ్గర సెన్సర్ పెట్టాను. 310!

ఆ మధ్యాహ్నం అమ్మాయి అంకెలు రాస్తుంటే నేను తొట్టంతా కొలిచాను. అలలు తిప్పే పంపులు కాసేపు ఆపాను, లేకపోతే అంకె నిలబడదు. సెన్సర్ ముఖం తిన్నగా పైకి ఉండాలి, కొంచెం వాలినా తప్పే. మూత వాడేవాళ్ళు మూత వేసే కొలవాలి. అడ్డంగా పది సెంటీమీటర్లకొకటి, లోతులో మూడు అంతస్తులు. నన్ను ఆశ్చర్యపరిచింది హామర్ అంకె కాదు, అదే లోతులో మూలన 60 మాత్రమే రావడం. రెండు జానల దూరంలో అయిదు రెట్ల తేడా. లైటు మీద రాసి ఉన్న శాతాలకి అర్థం లేదని అప్పుడు తెలిసింది.

లైటుని మళ్ళీ 40కి దించి, హామర్‌ని 110 ఉన్న చోటికి జరిపాను. రెండు తలలు దక్కలేదు. మూడోది నెల్లాళ్ళు ముడుచుకునే ఉండి తర్వాత విచ్చుకుంది. ఇప్పుడు కొత్త పగడం ఏది తెచ్చినా ముందు అడుగున నీడలో పెడతాను. అక్కడ కుదురుకున్నాకే, వారాల మీద పైకి జరుపుతాను.

కిందటి వారం ఆ మిగిలిన తల నడుమ సన్నటి నొక్కు కనిపించింది. రెండుగా చీలబోతోందన్నమాట. అమ్మాయి రాసిన అంకెల కాగితం తొట్టి కింద అలమర తలుపుకి అంటించి ఉంది. లైటు అద్దం మీద ఉప్పు పేరుకుంది. వచ్చే నెల క్లబ్బు నుంచి మీటరు తెచ్చాక, తుడవక ముందు ఒకసారి, తుడిచాక ఒకసారి కొలవాలి.