గోదావరి జిల్లా ఎలా పుట్టింది?

గోదావరి నది ఎప్పటినుంచో ఉంది. గోదావరి జిల్లా మాత్రం 1859లో పుట్టింది. అంతకు ముందు ఆ పేరుతో జిల్లా లేదు. జిల్లాలకు పట్నాల పేర్లు ఉండేవి. రాజమండ్రి జిల్లా, మచిలీపట్నం జిల్లా, గుంటూరు జిల్లా అనేవారు.

మరి ఈ సీమ తెల్లవాళ్ల చేతికి ఎలా వచ్చింది? 1753లో నిజాం నవాబు దీన్ని ఫ్రెంచివాళ్లకు ఇచ్చాడు. 1758లో పిఠాపురం దగ్గర చందుర్తిలో యుద్ధం జరిగింది. ఫ్రెంచివాళ్లు ఇంగ్లీషువాళ్లకు ఓడిపోయారు. 1765లో ఢిల్లీ పాదుషా ఈ సీమను ఇంగ్లీషు కంపెనీకి రాసి ఇచ్చాడు. ఒకరు ఇచ్చారు, ఒకరు పుచ్చుకున్నారు. భూమి దున్నే రైతును ఎవరూ అడగలేదు.

కంపెనీకి కావలసింది శిస్తు. దాని కోసమే కలెక్టరును పెట్టింది. కలెక్టరు అంటే వసూలు చేసేవాడు అని అర్థం. జమీందార్లు కంపెనీకి కట్టాలి. రైతులు జమీందార్లకు కట్టాలి. నీళ్ల సంగతి పట్టించుకున్నవాళ్లు లేరు.

గోదావరిలో వానాకాలం నిండా నీళ్లే. ఆ నీళ్లన్నీ సముద్రంలో కలిసిపోయేవి. ఏటి పక్క పొలాలే ఎండిపోయేవి. వరద వస్తే అవే పొలాలు మునిగేవి. 1832-33లో నందన కరువు వచ్చింది. తినడానికి తిండి లేదు. ఎందరో చనిపోయారు. కొందరు ఊళ్లు విడిచిపోయారు. 1839లో కోరంగి మీద ఉప్పెన పడింది. 1821లో రాజమండ్రి జిల్లా జనాభా సుమారు 7 లక్షల 38 వేలు. 1841కి అది 5 లక్షల 61 వేలకు పడిపోయింది. ఇరవై ఏళ్లలో నలుగురిలో ఒకరు లేకుండా పోయినట్టే!

జనం తగ్గితే శిస్తు కూడా తగ్గుతుంది కదా. అప్పుడు గానీ కంపెనీ కళ్లు తెరవలేదు. ఆర్థర్ కాటన్ దొర ఏటికి ఆనకట్ట కట్టాలని చెప్పాడు. ధవళేశ్వరం దగ్గర 1847లో పని మొదలయింది. వేలమంది కూలీలు రాళ్లు మోశారు. 1852కి ఆనకట్ట పూర్తయింది. కాలవల్లో నీళ్లు పారాయి. వరి పండింది.

ఆ తర్వాత ఏడేళ్లకు, 1859లో, మూడు జిల్లాలను కలిపి రెండుగా చేశారు. పట్నాల పేర్లు తీసేసి ఏటి పేర్లు పెట్టారు. ఒకటి కృష్ణా జిల్లా, రెండోది గోదావరి జిల్లా. గోదావరి జిల్లాకు కాకినాడ ముఖ్యపట్నం అయింది.

హద్దులు మాత్రం నిలవలేదు. 1904లో నరసాపురం, భీమవరం, తణుకు వంటి తాలూకాలను కృష్ణా జిల్లాలో కలిపారు. గోదావరి నీళ్లు తాగే ఊళ్లవాళ్లు పెద్ద కచేరీ పనికి బందరు పోవాల్సి వచ్చింది. 1925లో ఆ తాలూకాలను మళ్లీ విడదీశారు. ఏలూరు ముఖ్యపట్నంగా పశ్చిమ గోదావరి జిల్లా ఏర్పడింది. మిగిలిన పాత జిల్లాకు తూర్పు గోదావరి అని పేరు పెట్టారు.

2022 ఏప్రిల్ 4న ఇవి మళ్లీ చీలాయి. కోనసీమ వేరే జిల్లా అయింది. అంతవరకు అమలాపురం వాళ్లు కలెక్టరు ఆఫీసులో పని ఉంటే గౌతమి పాయ దాటి కాకినాడ పోయేవారు. కొత్త జిల్లాకు ఆ ఆఫీసు అమలాపురంలోనే పెట్టారు.