షట్టర్ గదిలో చలి: బిల్లు పేలకుండా, ప్రాణం మీదికి రాకుండా వెచ్చగా ఉండేదెట్లా?

హైదరాబాద్‌లో గ్యారేజీకి హీటింగ్ ఏంటి, ఇదేమన్నా అమెరికానా అని నవ్వేవాళ్ళు కొందరుంటారు. వాళ్ళు డిసెంబర్ నెలాఖరులో ఒక్క రాత్రి తెల్లాపూర్ వచ్చి, రేకుల షెడ్డులో రెండు గంటలు కూర్చుని చూడండి. తర్వాత మాట్లాడుకుందాం.

మా ఇంటికి ఆనుకుని పది అడుగుల వెడల్పు, పద్దెనిమిది అడుగుల పొడవు పార్కింగ్ షెడ్డు ఉంది. ఇటుక గోడలు, ముందు ఇనుప షట్టర్, పైన ఇనుప రేకులు, కింద షాబాద్ బండలు. బైక్ అందులోనే ఉంటుంది, ఆఫీసు అయ్యాక నేనూ అందులోనే. రాత్రి తొమ్మిది నుంచి ఒంటిగంట దాకా సోల్డరింగ్, ఎడిటింగ్, ఈ వీడియోల పని. మన వైపు ఇలాంటి గదులు చాలా ఉన్నాయి. కొందరు కుట్టు మిషన్ పెట్టుకుంటారు, కొందరు జిమ్ చేసుకుంటారు, కొందరు అందులోనే పడుకుంటారు కూడా.

అసలు మన దగ్గరే చలి ఎందుకెక్కువ? చలికాలం వార్తలు గమనించండి, సిటీ చుట్టుపక్కల తక్కువ ఉష్ణోగ్రత అంటే పటాన్‌చెరు పేరు, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ పేరు తరచూ వినిపిస్తాయి. తెల్లాపూర్ ఆ రెండింటి మధ్యనే ఉంది. గట్టి చలి రాత్రుల్లో పటాన్‌చెరులో 10 డిగ్రీల కిందకి పోతుంది. సిటీ నడిబొడ్డున కాంక్రీటు, తారు రోడ్లు పగటి వేడిని పట్టుకుని రాత్రంతా మెల్లగా వదులుతుంటాయి. ఖాళీ నేల, చెట్లు ఎక్కువున్న చోట ఆ దన్ను ఉండదు. ఆకాశం నిర్మలంగా, గాలి పొడిగా ఉంటే నేల తన వేడిని నేరుగా పైకి వదిలేస్తుంది. మీ రేకుల కప్పు కూడా సరిగ్గా అదే పని చేస్తుంది. తెల్లారేసరికి రేకు బయటి గాలికన్నా చల్లబడి, ఒక్కోసారి లోపలి వైపు నీటి బొట్లు పడతాయి.

ఇక డబ్బుల్లేనప్పుడు అందరికీ ముందు తట్టేది నిప్పు. మా గల్లీలో కడుతున్న బిల్డింగ్ దగ్గర వాచ్‌మన్ ఇనుప తట్టలో బొగ్గులు వేసుకుంటాడు. ఆరుబయట అయితే నాకేం ఇబ్బంది లేదు, నేను కూడా పోయి చేతులు కాచుకుంటా. కానీ ఒకరోజు, "అన్నా, ఇది లోపల పెట్టి షట్టర్ దించుకుంటే మస్తు వెచ్చగుంటది కదా" అన్నాడు. ఈ ఎపిసోడ్ చేయడానికి అసలు కారణం ఆ మాటే.

బొగ్గులకి గాలి సరిగా అందనప్పుడు కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. పొగ కనిపించడం లేదు కదా అనుకోవద్దు, ఎర్రగా కణకణలాడే బొగ్గుల నుంచి పొగ లేకుండానే వస్తుంది. మన రక్తంలో ఆక్సిజన్ మోసే హిమోగ్లోబిన్‌కి ఈ వాయువు ఆక్సిజన్ కన్నా 200 రెట్లకు పైగా గట్టిగా అతుక్కుంటుంది. ముందు తలనొప్పి, తర్వాత వికారం, మగత. చలికి నిద్ర పట్టిందిలే అనుకుంటారు. ఆ నిద్రలోంచి లేవరు. ఉత్తరాదిలో మూసిన గదిలో అంగీఠి పెట్టుకుని పడుకున్న కుటుంబాల వార్తలు ప్రతి చలికాలం చదువుతూనే ఉన్నాం కదా, జరిగేది ఇదే. కాబట్టి మూసిన గదిలో కుంపటి వద్దు, గ్యాస్ స్టవ్ వద్దు, షట్టర్ దించి బైక్ స్టార్ట్ చేయడం అస్సలు వద్దు. షట్టర్ ఒక అడుగు ఎత్తి పెడితే సరిపోతుందా అంటే, ఆ లెక్క మీద నేనైతే ప్రాణం పెట్టను. ఎవరైనా అలా పడిపోయి కనిపిస్తే ముందు షట్టర్ మొత్తం ఎత్తండి, మనిషిని బయటికి లాగండి, 108కి కొట్టండి.

అయితే కరెంటే దిక్కు. ఎంత కరెంటు కావాలో లెక్క చూద్దాం. బయట 12 డిగ్రీలు ఉంది, లోపల 22 కావాలి. పలచటి రేకు అయితే ఒక చదరపు మీటరు నుంచి డిగ్రీకి సుమారు 6 వాట్లు బయటికి పోతాయి. నా కప్పు 17 చదరపు మీటర్లు, అంటే వెయ్యి వాట్లు అక్కడే గోవిందా. షట్టర్ నుంచి ఇంకో 300, బయటి గోడల నుంచి దాదాపు 600. మొత్తం రెండు వేల వాట్ల దగ్గర తేలింది. సందుల్లోంచి దూరే గాలి దీనికి అదనం. అంటే రెండు కిలోవాట్ల బ్లోయర్ ఆపకుండా తిరిగినా ఆ పది డిగ్రీలు అందడం కష్టం.

అందుకే నేను చెప్పేది, గదిని వేడి చేసే ఆలోచన మానుకోండి. మనిషిని వేడి చేయండి.

బ్లోయర్ గాలిని వేడి చేస్తుంది, ఆ వేడి గాలి నేరుగా రేకు దగ్గరికి ఎక్కి కూర్చుంటుంది. ఎర్రగా వెలిగే రాడ్ హీటర్ అలా కాదు. ఎండ తగిలినట్టు దాని వేడి నేరుగా ఒంటికి తగులుతుంది. 400 వాట్ల రాడ్ ఒక్కటి, కాళ్ళ వైపు తిప్పి, మూడు అడుగుల దూరంలో పెడితే ఒక్క మనిషికి చాలు. ఇంకా చౌక దారి, నడుముకి వాడే హీటింగ్ ప్యాడ్. 60 వాట్లు కూడా తీసుకోని రకాలున్నాయి. కూర్చునే చోట వేసుకోండి. ఒంటి మీదికి గొంగడి. నవ్వకండి, మన కురుమలు నేసే ఉన్ని గొంగడిని మించిన హీటింగ్ టెక్నాలజీ ఆ ధరలో నాకైతే దొరకలేదు.

రీల్స్‌లో పూలకుండీ కింద నాలుగు చిన్న కొవ్వొత్తులు పెట్టి "ఫ్రీ హీటర్" అంటారు చూడండి, ఆ చిన్న కొవ్వొత్తి ఒకటి ఇచ్చేది 30, 40 వాట్లు. ఊరికే కూర్చున్న మనిషి ఒంటి నుంచే 100 వాట్ల దాకా వస్తుంది. ఆ కుండీ కన్నా ఒక ఫ్రెండ్‌ని పిలిచి కూర్చోబెట్టుకోవడం నయం. అలాగే "తక్కువ కరెంటు, ఎక్కువ వేడి" అని అమ్మే ప్లగ్ హీటర్లు. 400 వాట్లు తీసుకుంటే 400 వాట్ల వేడే వస్తుంది, అంతకు మించి రాదు.

బిల్లు సంగతి. మా ఇంట్లో ఈ హీటర్ లేకుండా నెలకి 140 యూనిట్లు అనుకోండి. 400 వాట్ల రాడ్ రోజుకి నాలుగు గంటలు అంటే నెలకి 48 యూనిట్లు, మొత్తం 188. అదే రెండు కిలోవాట్ల బ్లోయర్ అయితే 240 యూనిట్లు, మొత్తం 380. ఇక్కడే మెలిక ఉంది. 200 లోపు ఉంటే మొదటి వంద యూనిట్లకి 3.40, తర్వాతి వందకి 4.80 రూపాయలు. 200 దాటగానే మొదటి యూనిట్ నుంచే 5.10, ఆ పైన 7.70, ఆ పైన 9 రూపాయలు. ఫిక్స్‌డ్ చార్జీలు పక్కన పెడితే 188 యూనిట్లకి సుమారు 762, 380 యూనిట్లకి 2,510. గృహజ్యోతిలో జీరో బిల్లు వచ్చే ఇళ్ళకి ఇంకా పెద్ద దెబ్బ. 200 దాటిన నెల ఆ ఉచితం మొత్తం పోతుంది. రేట్లు మారుతుంటాయి కాబట్టి మీ బిల్లు ఒకసారి తీసి చూసుకోండి.

ఖర్చు పెట్టేది ఏదైనా ఉంటే ముందు షట్టర్ మీద పెట్టండి. లోపలి వైపు నాలుగు అంగుళాలు వదిలి ఒక తీగ కట్టి, నేలకి ఆనేలా పాత బొంత గానీ మందపు కర్టెన్ గానీ వేలాడదీయండి. కింది సందుకి పాత ప్యాంటు కాలు కోసి, ఇసుక నింపి, రెండు చివర్లు ముడేసి పెట్టండి, గాలి ఆగుతుంది. రేకుల కింద ఒక అడుగు వదిలి టార్పాలిన్ గానీ పాత ఫ్లెక్సీ గానీ బిగించి కడితే, మధ్యలో నిలిచిన గాలి వల్ల కప్పు నుంచి పోయే వేడి సగం దాకా తగ్గుతుంది. ఎలక్షన్ అయ్యాక ఫ్లెక్సీలకి మన దగ్గర కరువా? కానీ బొంత, ఫ్లెక్సీ, థర్మోకోల్ అన్నీ అంటుకునేవే, హీటర్‌కి దూరంగా ఉండాలి. మీవి సిమెంటు రేకులైతే వాటికి డ్రిల్ పెట్టకండి, ఆస్బెస్టాస్ పొడి ఊపిరితిత్తులకి మంచిది కాదు. తాళ్ళు గోడ మేకులకి కట్టుకోండి. కాళ్ళ కింద ప్లైవుడ్ ముక్క, దాని మీద జంపఖానా. బండల చల్లదనం సగం బాధ.

వైరింగ్ దగ్గర బద్ధకం వద్దు. రెండు వేల వాట్లు అంటే 9 ఆంపియర్ల దాకా లాగుతుంది, 6 ఆంపియర్ల సాకెట్, సన్న వైరు ఎక్స్‌టెన్షన్ బోర్డు దాన్ని మోయలేవు. 400 వాట్ల రాడ్ అయినా నేరుగా గోడ సాకెట్‌కే పెట్టండి. పది నిమిషాలకి ప్లగ్ ముట్టుకుని చూడండి, చేతికి వేడిగా తగిలితే ఆపేయండి.

ఇక బైక్. పెట్రోల్ ఆవిరి గాలికన్నా బరువు, నేల వెంబడే పాకుతుంది. చలిలో కూడా నిప్పందుకుంటుంది. రాడ్ హీటర్ నేల మీద, పక్కనే పెట్రోల్ కారే బండి, ఇది జరగకూడదు. హీటర్ వేసే నాలుగు గంటలు బండి బయట పెట్టండి. నేను తొమ్మిదింటికి బండి బయటికి తోసి, లాక్ వేసి, ఆ తర్వాతే స్విచ్ వేస్తా. ఒంటిగంటకి ప్లగ్ పీకి, రాడ్ చల్లారాక మళ్ళీ లోపలికి తోస్తా.