నాము తిన్న గొడ్డుకు కాలేయమే కాపు

జొన్న కోసిన చేలో ఒక్క వాన పడిందంటే మోళ్ల నుంచి పిలకలు పచ్చగా లేస్తాయి. మేతకు కటకటగా ఉన్న రోజుల్లో వాటిని చూసి గొడ్డును వదలకుండా ఉండటం కష్టమే. ఆ పిలకనే మన పెద్దలు ‘నాము’ అన్నారు. నాము మేసిన గొడ్డు కాసేపట్లోనే కూలిపోతే ‘పురుగు ముట్టింది’ అనుకుని మంత్రగాడి కోసం పరుగెత్తేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. అసలు లోపల ఏం జరుగుతుందో తెలుసుకోండి.

లేత జొన్న ఆకులో విషం విషంగా ఉండదు. ఆకు పైపొర కణాల్లో ధూరిన్ అనే పదార్థం, దాన్ని విడగొట్టే ఎంజైమ్ లోపలి కణాల్లో ఉంటాయి. అగ్గిపుల్ల ఒక గదిలో, పెట్టె ఇంకో గదిలో దాచినట్టు. గొడ్డు నమిలితే రెండూ కలిసి సయనైడ్ పుడుతుంది. పెద్దపొట్టలోని సూక్ష్మజీవులూ ఆ పనికి తోడవుతాయి.

దీనికి విరుగుడు గొడ్డు ఒంట్లోనే ఉంది. దాని పేరు రోడనీస్ ఎంజైమ్. దీన్ని తయారుచేయించే జన్యువు ఒంట్లో దాదాపు ప్రతి కణంలోనూ ఉంటుంది గానీ, అన్నిచోట్లా ఒకేలా పనిచేయదు. కాలేయంలో జోరుగా పనిచేస్తుంది. మూత్రపిండాల్లో, పెద్దపొట్ట గోడలో కూడా ఈ ఎంజైమ్ బాగానే ఉంటుంది. కండలో తక్కువ. పొట్ట నుంచి వచ్చే రక్తం ముందు కాలేయానికే చేరుతుంది కాబట్టి కాపలా అక్కడ ఉండటమే మేలు. అక్కడ సయనైడ్‌కు గంధకం జతచేసి, అంతగా హాని లేని పదార్థంగా మార్చి మూత్రంలో పంపేస్తుంది.

మరి గొడ్డు ఎందుకు చస్తోంది? కాలేయం దగ్గర గంధకం నిల్వ కొంచెమే. పశువు బరువులో కిలోకు సుమారు 2 మిల్లీగ్రాముల సయనైడ్ ఒక్కసారిగా చేరితే ప్రాణం మీదికి వస్తుంది. 300 కిలోల గేదెకు అర గ్రాము పైచిలుకు, అంతే! అదే విషం రోజంతా కొద్దికొద్దిగా చేరితే కాలేయం సర్దుకుంటుంది. ఆకలిమీదున్న గొడ్డు ఆబగా మేయడమే కొంప ముంచుతుంది. అందుకే ముందు ఎండుగడ్డి వేసి కడుపు నింపండి. అలాగని నాములోకి తోలొచ్చని కాదు సుమా.

పచ్చిమేతగా వేసే జొన్నను సగం పైరు పూతకొచ్చాకే కోయండి. వానలేక వాడిన పైరు, యూరియా ఎక్కువ పడిన పైరు మరీ ప్రమాదం. బాగా ఎండిన చొప్పలో విషం చాలావరకు పోతుంది. సగం వాడిన దాన్ని మాత్రం నమ్మకండి.

నాము తగిలిన పశువు ఎగశ్వాస పీలుస్తుంది, నురగ కారుస్తుంది, వణికి పడిపోతుంది. రక్తంలో ప్రాణవాయువు ఉన్నా కణాలు వాడుకోలేవు కాబట్టి చిగుళ్లు ఎర్రగా మెరుస్తాయి. పడిపోయిన గొడ్డుకు నోట్లో ఏమీ పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. డాక్టరు సోడియం నైట్రైట్, సోడియం థయోసల్ఫేట్ మందులను నరానికి ఎక్కిస్తారు. రెండోది కాలేయానికి కావలసిన గంధకమే. ఫొటో స్టూడియోల్లో ఒకప్పుడు వాడిన ‘హైపో’ ఇదే. అలాగని మీరు సొంతంగా సూది వేయకండి. డాక్టరుకు కబురు పంపేటప్పుడే ‘జొన్న నాము మేసింది’ అని చెప్పండి, మందు వెంట తెచ్చుకుంటారు.