అపరిచితుల ముఖాలు

సంతలో, రైలు పెట్టెలో, ఆసుపత్రి వరండాలో ఎందరో మనకు ఎదురవుతారు. వారి పేర్లు తెలియవు. మళ్ళీ చూస్తామన్న నమ్మకమూ లేదు. అయినా ఒక ముసలమ్మ నుదుటి ముడతలో, ఒక కూలివాని అలసిన చూపో చాలాకాలం గుర్తుండిపోతుంది. కొందరు చిత్రకారులు అటువంటి ముఖాలనే వెతుక్కుంటూ వెళ్ళి గీస్తారు.

ఒక వ్యక్తి పోలికలను పటంలో నిలిపే కళను రూపచిత్రకళ అంటారు. పూర్వం రూపచిత్రాలు ఎక్కువగా రాజులవి, జమీందారులవి, ధనికులవి. సొమ్మిచ్చి గీయించుకొనే వారికి నచ్చేటట్లు ముక్కును కాస్త తీర్చి, మేనిఛాయను కాస్త తెల్లగా దిద్దవలసి వచ్చేది. అపరిచితుని బొమ్మ గీసేవారికి ఈ బెడద లేదు. కాని అంతకంటె పెద్ద బాధ్యత ఉంది. ఆ మనిషి తన బొమ్మ గీయమని అడగలేదు. కనుక ముందుగా అతని అనుమతి కోరాలి. అతని పేదరికాన్నో అవకరాన్నో వింతగా చూపకూడదు.

తెలిసినవారి ముఖాన్ని మనం నిజానికి చూడం, గుర్తుపడతాం, అంతే. కొత్త ముఖం ఎదురైనప్పుడే కన్ను పనిచేస్తుంది. బొమ్మలు గీయడం మొదలుపెట్టినవారు చాలామంది కళ్ళను తలలో బాగా పైకి పెడతారు. అద్దంలో కొలిచి చూడండి. కళ్ళు తల ఎత్తుకు దాదాపు సగంలో ఉంటాయి. ఎదురుగా చూస్తే తల వెడల్పు సుమారు ఐదు కళ్ళంత. ఈ కొలతలు అందరికీ ఇంచుమించు ఒక్కటే. ఒక ముఖం ఈ కొలతను ఎక్కడ తప్పుతుందో పట్టుకొన్నప్పుడే పోలిక దొరుకుతుంది.

వీధిలో కూర్చున్న మనిషి గంటలకొద్దీ కదలకుండా ఉండడు. తైలవర్ణాలు ఆరడానికి రోజులు పడుతుంది. అక్రిలిక్ రంగులు ఇక్కడే అక్కరకు వస్తాయి. ప్లాస్టిక్ జాతికి చెందిన సన్నని జిగురు కణాలు తేలియాడే నీటిలో రంగుపొడిని కలిపి వీటిని తయారు చేస్తారు. నీరు ఆవిరి కాగానే ఆ కణాలు ఒకదానికొకటి అతుక్కొని పొరగా మారుతాయి. పలుచని పొర కొద్ది నిమిషాలలో ఆరుతుంది. ఆరిన పొర మళ్ళీ నీటిలో కరగదు. కాబట్టి దానిమీద వెంటనే మరో పొర వేయవచ్చు, తప్పును కప్పి దిద్దవచ్చు. అయితే బుగ్గమీది వెలుగునీడలను మెల్లగా కలిపే వ్యవధి మాత్రం దొరకదు. ఆరాక రంగు కాస్త ముదురుతుంది కూడా. కుంచెను వెంటనే కడగకపోతే కట్టెలా బిగుసుకుపోతుంది!

ఈ నీటి అక్రిలిక్ రంగులు 1950ల దశకంలో అమెరికాలో చిత్రకారులకు అందాయి. ఇంగ్లండుకు చెందిన డేవిడ్ హాక్నీ 1964లో లాస్ ఏంజెలిస్ చేరాక వీటిని చేపట్టారు. కాలిఫోర్నియా ఎండను చూపే ఆయన చిత్రాలలో రంగులు చదునుగా, సమంగా పరచుకొని ఉంటాయి. అందులో కొంత ఆయన చూపు, కొంత ఆ రంగుల స్వభావం. శైలి కావాలని తెచ్చిపెట్టుకొనేది కాదు. ఇరవై ముఖాలు గీసి వరుసగా గోడకు ఆనిస్తే, అన్నిటిలోనూ మళ్ళీ మళ్ళీ వచ్చే గీత ఒకటి, వదలని రంగు ఒకటి కనిపిస్తాయి. శైలి అక్కడ మొలకెత్తుతుంది.

తెలుగువారిలో ఇందుకు మంచి ఉదాహరణ తోట వైకుంఠం. ఆయన 1942లో కరీంనగర్ ప్రాంతంలోని బూరుగుపల్లిలో జన్మించారు. బరోడాలో కె.జి. సుబ్రహ్మణ్యన్ వద్ద చదివారు. మొదట ఎక్కువగా బొగ్గుతో, పెన్సిలుతో గీశారు. చిన్నతనంలో ఊరి నాటకాలలో స్త్రీవేషం కట్టిన పురుషుల అలంకరణ ఆయన మనసులో నిలిచిపోయింది. తరువాత అక్రిలిక్ రంగులలో తెలంగాణ పల్లె స్త్రీలను చిత్రించారు. పెద్ద కుంకుమబొట్టు, ఎర్రని, కాషాయపు చీరలు, నిండైన నగలు ఆయన గుర్తులు. ఆ స్త్రీల మేనిఛాయ నలుపు. కేలండరు బొమ్మలు ఏనాడూ అందంగా ఒప్పుకోని ఆ నలుపును ఆయన ఏమాత్రం తేల్చలేదు. అదే కన్నుతో ‘దాసి’ (1988) చలనచిత్రానికి కళాదర్శకత్వం వహించి జాతీయ పురస్కారం పొందారు.

ఆ పటాలలోని స్త్రీలు ఫలానావారని చెప్పలేము. కాని కొప్పు ముడిచిన తీరు, చెంగు దోపిన తీరు చూసి, వారు ఏ నేలకు చెందినవారో తెలంగాణ పల్లెలను ఎరిగినవారు ఇట్టే చెప్పగలరు.