పార్సెల్ ఫార్వార్డింగు

పార్సెల్ ఫార్వార్డింగు అనగా, ఒక దేశంలోని దుకాణము తన దేశపు చిరునామాలకు మాత్రమే పంపే వస్తువును, అదే దేశంలో ఉన్న ఒక మధ్యవర్తి సంస్థ తన గిడ్డంగిలో స్వీకరించి, విదేశంలో ఉన్న కొనుగోలుదారునికి చేరవేసే సేవ. స్వదేశంలో దొరకని ఎలక్ట్రానిక్ పరికరాలు, ఆట యంత్రాలు, విడిభాగాలు, పుస్తకాలు తెప్పించుకొనుటకు దీనిని ఎక్కువగా వాడుతారు. అమెరికాలోని మైయుఎస్, షిపిటో, జపాన్‌లోని టెన్సో, అరామెక్స్ సంస్థకు చెందిన షాప్ అండ్ షిప్ ఈ రంగంలో పేరొందిన సేవలు.

అవసరము

తయారీ సంస్థలు ఒక పరికరాన్ని అన్ని దేశాలలో ఒకేసారి విడుదల చేయవు. రేడియో తరంగాలకు సంబంధించిన అనుమతులు, మరమ్మత్తు కేంద్రాల ఏర్పాటు, దిగుమతి సుంకాలు, అమ్మకాల అంచనా వంటివి ఇందుకు కారణాలు. ఐఫోన్ మొదటి నమూనా 2007 జూన్ 29న అమెరికాలో విడుదల కాగా, భారతదేశంలో ఐఫోన్ అమ్మకాలు దాని తరువాతి నమూనాతో 2008 ఆగస్టు 22న మొదలయ్యాయి. అమెజాన్ కిండిల్ 2007 నవంబరులో అమెరికాలో వెలువడినా, 2009 అక్టోబరు వరకు ఇతర దేశాలకు పంపబడలేదు. ఐప్యాడ్ 2010 ఏప్రిల్ 3న అమెరికాలో, 2011 జనవరిలో భారతదేశంలో విడుదలైంది. కొన్ని పరికరాలు అసలు రానేలేదు. 2021లో వచ్చిన గూగుల్ పిక్సెల్ 6 ఫోనును భారతదేశంలో విడుదల చేయలేదు. ఇటువంటి ఖాళీలను పూరించుటకే ఫార్వార్డింగు సేవలు పుట్టాయి.

హైదరాబాదులో

హైదరాబాదులో ఈ పనిని సంస్థల కంటె ముందుగా బంధుమిత్రులే నిర్వహించారు. అమీర్‌పేటలోని మైత్రీవనం పరిసరాలలో కంప్యూటరు శిక్షణ పొంది అమెరికా వెళ్ళిన యువకులు అనేకులు. అక్కడి దుకాణంలో కొన్న కెమెరానో, ల్యాప్‌టాపునో సెలవులకు వచ్చేటప్పుడు సామానులో పెట్టుకొని రావడం, లేదా వస్తున్న స్నేహితుని చేత పంపడం తెలుగు కుటుంబాలలో సాధారణమైన విషయం. దీనికి కూలి లేదు కాని, ఎవరైనా వచ్చే వరకు వేచి ఉండవలసి వస్తుంది.

దీనికి ఎదురుదిశలో సాగే వ్యాపారము కూడా అమీర్‌పేట, పంజాగుట్ట, ఖైరతాబాదు ప్రాంతాలలో కనిపిస్తుంది. ఊరగాయలు, పొడులు, స్వీట్లు, బట్టలు, పుస్తకాలను విదేశాలలోని పిల్లలకు పంపే అంతర్జాతీయ కొరియరు కార్యాలయాలు ఇక్కడ ఉన్నాయి. బరువు తూచడం, డబ్బా కట్టడం, లోపలి వస్తువుల జాబితా వ్రాయడం, గుర్తింపు పత్రము తీసుకోవడం ఇక్కడ కూడా తప్పనిసరి. 800 డాలర్ల లోపు విలువైన పార్సెళ్ళకు అమెరికా ఇస్తూ వచ్చిన సుంకపు మినహాయింపు 2025 ఆగస్టు 29తో ముగిసింది. దాని వలన ఆ దేశానికి వెళ్ళే భారత తపాలా సేవలు కూడా కొంతకాలం నిలిచిపోయి, అదే సంవత్సరం అక్టోబరులో తిరిగి మొదలయ్యాయి.

పనిచేసే విధానము

కొనుగోలుదారు ముందుగా ఫార్వార్డింగు సంస్థలో ఖాతా తెరుస్తాడు. ఆ సంస్థ అతనికి తన గిడ్డంగి చిరునామాతో పాటు ఒక గుర్తు సంఖ్యను ఇస్తుంది. విదేశీ దుకాణంలో వస్తువు కొనేటప్పుడు ఆ చిరునామాను, సంఖ్యను వ్రాయాలి. సంఖ్య వ్రాయకపోతే పార్సెలు ఎవరిదో గిడ్డంగిలో తెలియదు. వస్తువు చేరిన తరువాత దానిని తూచి, కోరినట్లయితే ఫొటో తీసి పంపుతారు. రెండు మూడు దుకాణాల నుండి వచ్చిన వస్తువులను ఒకే డబ్బాలో సర్దే సదుపాయము కూడా ఉంటుంది. చివరగా రవాణా రుసుము చెల్లించి, కస్టమ్స్ పత్రములో వస్తువు పేరు, విలువ నమోదు చేస్తే, కొరియరు లేదా తపాలా ద్వారా పార్సెలు బయలుదేరుతుంది.

అమెరికాలో అమ్మకపు పన్ను రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. ఆరెగాన్, డెలావేర్ రాష్ట్రాలలో ఈ పన్ను లేనందున అక్కడి గిడ్డంగులకు గిరాకీ ఎక్కువ.

ఖర్చులు

రవాణా రుసుమును అసలు బరువు మీద గాని, పరిమాణపు బరువు మీద గాని, ఏది ఎక్కువైతే దాని మీద వసూలు చేస్తారు. డబ్బా పొడవు, వెడల్పు, ఎత్తులను సెంటీమీటర్లలో గుణించి 5000తో భాగిస్తే పరిమాణపు బరువు కిలోలలో వస్తుంది. 40, 30, 20 సెంటీమీటర్ల కొలతలు గల డబ్బాలో కిలో బరువైన పరికరమే ఉన్నప్పటికీ, దానిని 4.8 కిలోలుగా లెక్కిస్తారు. కనుక అనవసరమైన పెద్ద డబ్బాను తీసివేసి చిన్న డబ్బాలో సర్దించడం లాభదాయకము.

భారతదేశంలో దిగుమతి సుంకము వస్తువు ధరపై మాత్రమే కాక, ధర, రవాణా, బీమా కలిపిన మొత్తంపై పడుతుంది. ఆ సుంకము కలిపిన మొత్తంపై మరల సమీకృత వస్తు సేవల పన్ను పడుతుంది. ఉదాహరణకు వస్తువు ధర 20,000 రూపాయలు, రవాణా, బీమా కలిపి 4,000 రూపాయలు అనుకుందాము. లెక్క సౌలభ్యము కొరకు సుంకము 20 శాతము, పన్ను 18 శాతము అనుకొని, సర్‌చార్జీలను వదిలివేస్తే, సుంకము 4,800 రూపాయలు, పన్ను 5,184 రూపాయలు అవుతాయి. మొత్తము ఖర్చు 33,984 రూపాయలకు చేరుతుంది. దీనికి ఫార్వార్డింగు సంస్థ రుసుము, కొరియరు వారి క్లియరెన్సు రుసుము అదనము.

భారతదేశపు నిబంధనలు

సొంత వాడుక కొరకు తపాలా లేదా విమాన మార్గమున వచ్చే వస్తువులకు కస్టమ్స్ టారిఫ్‌లో 9804 అనే ప్రత్యేక శీర్షిక ఉన్నది. దీని క్రింది రేట్లు బడ్జెట్లలో పలుమార్లు మారాయి కనుక కొనే ముందు అప్పటి రేటును చూసుకోవలెను. కొరియరు ద్వారా వచ్చే పార్సెలుకు గ్రహీత గుర్తింపు పత్రాలు ఇవ్వవలసి ఉంటుంది.

కొన్ని వస్తువులపై ప్రత్యేక నియమాలు ఉన్నాయి:

* డ్రోన్లు: పూర్తిగా తయారైన డ్రోన్ల దిగుమతిని 2022 ఫిబ్రవరి 9న నిషేధించారు. పరిశోధన, రక్షణ, భద్రతా అవసరాలకు మాత్రము అనుమతితో మినహాయింపు ఉన్నది.
* ఎలక్ట్రానిక్ సిగరెట్లు: 2019 నాటి చట్టము ప్రకారము వీటి దిగుమతి నేరము.
* ల్యాప్‌టాపులు, టాబ్లెట్లు: 2023 ఆగస్టులో వీటి దిగుమతిపై ఆంక్షలు ప్రకటించినప్పుడు, తపాలా లేదా కొరియరు ద్వారా వచ్చే ఒక్క పరికరాన్ని లైసెన్సు నుండి మినహాయించారు. సుంకము మాత్రము చెల్లించవలసినదే.
* లిథియం బ్యాటరీలు: విడిగా ఉన్న లిథియం అయాన్ బ్యాటరీలను ప్రయాణికుల విమానాలలో సరుకుగా పంపడం 2016 ఏప్రిల్ 1 నుండి నిషిద్ధము. అందువలన విడి బ్యాటరీలను, పవర్ బ్యాంకులను అనేక సంస్థలు స్వీకరించవు.

వస్తువు విలువను తగ్గించి వ్రాయడం, కొన్నదానిని "బహుమతి" అని చూపడం తప్పుడు ప్రకటన క్రిందికి వస్తాయి. 1962 కస్టమ్స్ చట్టము ప్రకారము అటువంటి వస్తువును స్వాధీనపరచుకొని జరిమానా విధించవచ్చును. పత్రము ఎవరు నింపినప్పటికీ, సరుకు చేజారేది గ్రహీతకే.

ఇతర ఇబ్బందులు

అమెరికాలో విద్యుత్తు 120 వోల్టులు, 60 హెర్ట్జులు. భారతదేశంలో 230 వోల్టులు, 50 హెర్ట్జులు. ఛార్జరుపై "100-240" అని ఉంటే ప్లగ్గు మార్చుకుంటే చాలు. లేనిచో ట్రాన్స్‌ఫార్మరు కావాలి. నేరుగా గోడకు పెడితే పరికరము కాలిపోవచ్చును. ఒకే టెలిఫోన్ సంస్థకు లాక్ చేసిన ఫోనులో ఇక్కడి సిమ్ పనిచేయదు. ఐఫోన్ తొలి నమూనా అమెరికాలో ఏటీ అండ్ టీ సంస్థకు ముడిపడి ఉన్నందున ఈ చిక్కు తెచ్చింది. అనేక పరికరాల వారంటీ కొన్న దేశానికే పరిమితము. పాడైన వస్తువును తిరిగి పంపడానికయ్యే ఖర్చు కొన్నిసార్లు దాని ధరతో సమానమవుతుంది.

మోసాలు

విదేశీ పార్సెళ్ళ పేరిట మోసాలు కూడా జరుగుతున్నాయి. "మీ పేరున వచ్చిన పార్సెలులో మాదక ద్రవ్యాలు ఉన్నాయి" అని కొరియరు లేదా కస్టమ్స్ సిబ్బందిగా ఫోను చేసి, వీడియో ద్వారా "డిజిటల్ అరెస్టు" చేశామని బెదిరించి డబ్బు గుంజుతారు. డిజిటల్ అరెస్టు అనునది ఏ చట్టములోను లేదు. సుంకము చెల్లించమని కోరుతూ వచ్చే సందేశములోని లంకెను నొక్కక, ట్రాకింగు సంఖ్యను కొరియరు సంస్థ వెబ్‌సైటులో స్వయంగా సరిచూసుకోవలెను. డబ్బు పోయినచో వెంటనే 1930 సంఖ్యకు ఫిర్యాదు చేయవచ్చును.

ప్రత్యామ్నాయాలు

కొన్ని విదేశీ దుకాణాలు సుంకమును ముందే లెక్కకట్టి నేరుగా భారతదేశానికి పంపుతాయి. ఇది సాధారణంగా ఫార్వార్డింగు కంటె సులభము. ఇంజనీరింగు విద్యార్థుల ప్రాజెక్టులకు కావలసిన సెన్సార్లు, బోర్డులు, విడిభాగాలలో చాలావరకు కోఠీలోని గుజరాతీ గల్లీ దుకాణాలలో దొరుకుతాయి. అక్కడ దొరకని వాటికి మాత్రమే విదేశీ మార్గము ఉపయోగకరము.

ఇవి కూడా చూడండి

* కస్టమ్స్ సుంకము
* ఎలక్ట్రానిక్ వాణిజ్యము
* భారతీయ తపాలా వ్యవస్థ
* అమీర్‌పేట
* ఖైరతాబాదు