నందికి మ్రొక్కి కోడిని తినవచ్చునా?

దేవాలయంలో నందీశ్వరుని చెవిలో కోరిక చెప్పుకొని వచ్చిన ఒక యువకుడు నన్ను ఇలా అడిగాడు: "అయ్యా, ఎద్దుకు మ్రొక్కి, ఇంటికి వెళ్లి కోడిని తినడం తప్పు కాదా?" ఆనాడు నేను సమాధానం చెప్పలేకపోయాను. ఇప్పుడు నాకు తోచినది విన్నవిస్తున్నాను.

తెల్లని దేహం, ఎత్తైన మూపురం గల మన ఒంగోలు గిత్తను చూస్తే సాక్షాత్తు నందీశ్వరుడే అనిపిస్తుంది. ఈ జాతి పశువులనే పందొమ్మిదవ శతాబ్దం నుండి ఓడలలో బ్రెజిల్ దేశానికి తీసుకొనిపోయారు. అక్కడ 'నెలోర్' అనే పేరుతో వృద్ధిచెందిన ఆ సంతతిని ప్రధానంగా మాంసం కొరకే పెంచుతారు. జీవి మారలేదు, చూచే దృష్టి మారింది. మన దొడ్లలో మాత్రం? కోడెదూడకు బొట్టు పెడతాము, దున్నదూడను కబేళాకు అమ్ముతాము. కత్తి బాధ ఏ ప్రాణికైనా బాధయే.

ఈ ధర్మసంకటాన్ని మహాభారతం అరణ్యపర్వంలోని ధర్మవ్యాధోపాఖ్యానం చర్చించింది. అద్దంకి ప్రభువు ప్రోలయ వేమారెడ్డి ఆస్థానకవి ఎఱ్ఱాప్రగడ ఆ పర్వశేషాన్ని తెనిగించిన సంగతి మనకు గర్వకారణం. ధర్మవ్యాధుడు మిథిలలో మాంసం అమ్మేవాడు. తాను ప్రాణిని చంపడు, మాంసం తినడు. ధర్మం తెలుసుకొనగోరి వచ్చిన కౌశికునికి అతడు చెప్పినదాని సారమిది: నాగలి సాగితే నేలలోని ఎన్నో ప్రాణులు నశిస్తాయి, హింస బొత్తిగా లేని జీవనం ఎవరికీ లేదు, ప్రయత్నపూర్వకంగా దానిని తగ్గించుకొనడమే సజ్జనుల మార్గం.

ఈ మాట నన్ను సూటిగా తాకింది. నేను మాంసం ముట్టను. కాని మిరప, ప్రత్తి పండించేవాడను. పురుగుమందు చల్లిన ప్రతిసారీ ఎన్ని ప్రాణులు రాలిపోయాయో లెక్క లేదు. కనుక శాకాహారి గర్వించరాదు. అలాగని, అందరూ హింస చేసేవారే కదా అని మాంసాహారి ఊరకుండరాదు.

ఆ యువకునికి నా సమాధానం ఇదే: నాయనా, నందిలో చూచిన ప్రాణాన్ని కోడిలోనూ చూడు. మానగలిగితే మంచిది, మానలేకపోతే తగ్గించు. నేను కూడా అవసరం లేని మందు చల్లను.

మ్రొక్కుబడిగా దూడలను సమర్పించే దాతలకు ఒక మనవి. పాలు మరువని లేగను తల్లి నుండి వేరుచేసి తీసుకురావద్దు. సమర్పించిన దూడతోపాటు దాని గ్రాసానికి కూడా ఏర్పాటు చేయండి. అప్పుడే అది స్వామికి నిజమైన కానుక అవుతుంది.