పురానీ హవేలీ: రాజభవనమున ప్రజల కానుకలు

నారాయణగూడ, చిక్కడపల్లి, అశోక్‌నగర్ ప్రాంతముల విద్యార్థులకు నిజాముల పేరు కొత్తది కాదు. మనకు సమీపముననున్న కింగ్ కోఠిలోనే ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాన్ నివసించి, 1967 ఫిబ్రవరి 24న కన్నుమూసినారు. ఆ ఆవరణలో కొంత భాగము నేడు ప్రభుత్వ ఆసుపత్రి. ఆయన 1886లో జన్మించినది మాత్రము మూసీకి ఆవల, పాతబస్తీలోని పురానీ హవేలీలో. 2000 సంవత్సరము నుండి అక్కడ నిజాం మ్యూజియం నెలకొన్నది. దానిని మేము దర్శించినాము.

ఇందలి వస్తువులలో అధికభాగము 1937లో జరిగిన నిజాము పాలనా రజతోత్సవమునకు వచ్చిన కానుకలే. సిపాస్‌నామాలు, అనగా సన్మానపత్రములు, ఉంచి సమర్పించిన వెండి పేటికలు, ప్రసిద్ధ కట్టడముల వెండి నమూనాలు ఇచట కలవు. వీనిని చూచి రాజవైభవమును మాత్రమే తలచుట సగము చూచినట్లు. ప్రతి పేటికయందు ఒక కంసాలి ఓర్పు దాగియున్నది.

ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీఖాన్ దుస్తుల బీరువా మరియొక వింత. అది బీరువా అనుటకన్న ఒక పొడవైన మందిరము. ఇరువైపులా రెండంతస్తులుగా కొయ్య అరలు; పై అంతస్తు చేరుటకు చేతితో నడుపు లిఫ్టు. ఆ దుస్తులు ధరించిన ప్రభువు పేరు లోకమెరుగును. అరలు చెక్కిన వడ్రంగులను, బట్టలు మడిచి సర్దిన సేవకులను మనమే తలచుకొనవలెను.

2018 సెప్టెంబరులో ఈ మ్యూజియంలో దొంగలు పడి, రత్నములు పొదిగిన బంగారు టిఫిన్ డబ్బాను, కప్పు, సాసరు, చెంచాలను అపహరించిరి. కొలది దినములలోనే పోలీసులు వానిని స్వాధీనము చేసికొనిరి. కరిగించినచో బంగారపు వెల మిగులును గాని, ఆ వస్తువు చెప్పు చరిత్ర మిగలదు. ఒకనాడు రాజకుటుంబమున కొకదానికే చెందిన వస్తువు పోయినప్పుడు నగరమంతయు కలత చెందినదన్న, అది అప్పటికే మనదైనదని అర్థము.

కావున మన విద్యార్థులు ఉర్దూ, తెలుగు మిత్రులు జతగూడి అచటికి వెళ్ళవలెనని మా కోరిక. ఒకరికి తెలియని మాటను వేరొకరు విప్పి చెప్పెదరు. కళాశాల కార్యవర్గము ఏటేటా ఒక దినమును ఇందుకై కేటాయించినచో, తాము చూచిన దానిని కాపాడవలెనను భావము విద్యార్థులలో తనంతట తానే కలుగును.